నర్సమ్మ మళ్ళీ చదువుకుంటానంటే

"మాది నరసరావుపేట దగ్గర ఒక ఊరు. జనరల్ నర్సింగ్ పాసై పదకొండేళ్ళుగా ఒక ప్రైవేటు నర్సింగ్ హోములో స్టాఫ్ నర్సుగా పనిచేస్తున్నాను. వయస్సు 34. ఇద్దరు పిల్లలు. మావారు పత్తి మిల్లులో గుమాస్తా. పోస్ట్ బేసిక్ బి.ఎస్సీ. నర్సింగ్ చదవాలని నాకు ఎప్పటినుంచో కోరిక. మావారితో అంటే 'సూది వేసేదానికి డిగ్రీ ఎందుకు?' అన్నారు. అత్తగారేమో 'ఇప్పటికే నిద్ర లేక సగమైపోయావు, చదువు కూడా నెత్తిన పెట్టుకుంటే మంచాన పడతావు' అంటున్నారు. నైట్ డ్యూటీ చేసిన మర్నాడు పగలు నిద్ర పట్టదు. పిక్కలు పీకుతాయి. మెట్లెక్కితే ఆయాసం. కాలేజీలో చేరినా రాత్రి డ్యూటీలు మానకుండా నెట్టుకురావచ్చని మా తోటి సిస్టర్లు చెబుతున్నారు. చదవమంటారా, మానమంటారా?"

అమ్మా, మీ ఉత్తరంలో మూడు ప్రశ్నలున్నాయి. ఒకటి మీది, ఒకటి మీ అత్తగారిది, ఒకటి మీవారిది. ముందు మీవారి ప్రశ్న తీసుకుంటాను. ఎందుకంటే ఆ మాట ఆయన ఒక్కరే అనడం లేదు. చదువుకున్న ఇళ్ళలోనూ అంటున్నారు. మా డాక్టర్లలోనూ కొందరంటారు. ఒకప్పుడు నేనూ మనసులో అనుకున్నవాణ్ణే.

మనది పత్తి, మిరప పండే నేల. పురుగుమందు మన ఇళ్ళల్లో ఉప్పు డబ్బా పక్కనే వుంటుంది. 1987-88లో పత్తి దెబ్బతిని మన రెండు జిల్లాల్లోనూ ఎంతమంది రైతులు ఆ డబ్బానే ఎత్తుకున్నారో పెద్దవాళ్ళకు గుర్తుండే వుంటుంది. గుంటూరు పెద్దాసుపత్రి క్యాజువాల్టీలో ఒక్క వారం పనిచేసిన వాడెవడికీ ఆ మందు వాసన జన్మలో మరుపు రాదు.

ఆర్గానోఫాస్ఫరస్ జాతి పురుగుమందు ఒంట్లోకి పోతే ఏం జరుగుతుంది? మన నరాల చివర ఒక రసాయనం పుట్టి, కండరాలకూ గ్రంథులకూ కబురు అందజేస్తుంది. కబురు అందగానే దాన్ని తుడిచేసే ఎంజైము ఒకటుంటుంది. పురుగుమందు ఆ తుడిచేదాన్ని కట్టిపడేస్తుంది. ఇక కబుర్లు పోగుపడిపోతాయి. నోట్లో నురగ, ఒళ్ళంతా చెమట, కంటిపాపలు సూదిమొనలంతవుతాయి, నాడి మందగిస్తుంది, ఊపిరితిత్తుల్లో నీరు చేరి గరగరమంటుంది. దానికి విరుగుడు ఎట్రోపిన్. మొదట్లో ప్రతి అయిదు నిమిషాలకూ మోతాదు పెంచుకుంటూ, ఛాతీలో గరగర తగ్గేదాకా, నాడి, రక్తపుపోటు నిలదొక్కుకునేదాకా ఇవ్వాలి. తక్కువైతే రోగి తన ఊపిరితిత్తుల్లో తానే మునిగిపోతాడు. ఎక్కువైతే ఒళ్ళు కాలిపోతుంది, సంధి ప్రేలాపన మొదలవుతుంది, మూత్రం బిగిస్తుంది, పొట్టలో చప్పుడు ఆగిపోతుంది. ఈ రెండిటి మధ్య దారి సన్నటిది. రాత్రి పన్నెండు నుంచి తెల్లారేదాకా ఆ దారి మీద రోగిని నడిపించేది ఎవరు? డాక్టరు వస్తాడు, చూస్తాడు, రాసి వెళ్తాడు. మంచం పక్కన వుండేది సిస్టరే.

"పది నిమిషాలకొకసారి సూది" అని కాగితం మీద చూసి వేసే నర్సు వుంటుంది. ఎందుకు వేస్తున్నదీ, ఎప్పుడు ఆపాలో, ఎప్పుడు డాక్టర్ని నిద్ర లేపాలో తెలిసి వేసే నర్సు వుంటుంది. మీవారన్న "సూది" రెండుచోట్లా ఒకటే.

2000 తర్వాత ఒకటి రెండేళ్ళకు నాకు జరిగింది చెబుతాను. పత్తి ప్రాంతంలో ఒక చిన్న ప్రభుత్వాసుపత్రి. పేరు అనవసరం. ఇరవై రెండేళ్ళ కుర్రాడు, ఇంట్లో పోట్లాడి పురుగుమందు తాగాడు. రెండు రోజులు ఎట్రోపిన్‌తో కుస్తీ పట్టాం. మూడో రోజుకు నురగ పోయింది, కళ్ళు తెరిచాడు, అమ్మతో మాట్లాడాడు. గండం గడిచిందని నేను ఇంటికి చెప్పించి భోజనం తెప్పించుకున్నాను. ఆ రాత్రి డ్యూటీ సిస్టరు వచ్చి, "సార్, ఆ అబ్బాయి తలగడ మీంచి తల ఎత్తలేకపోతున్నాడు" అంది. "మూడు రోజులుగా తిండి లేదుగా అమ్మా, నీరసం" అన్నాను. వెళ్ళింది. ఇరవై నిమిషాలకు మళ్ళీ వచ్చింది. "మీరొకసారి వచ్చి తల ఎత్తమని అడిగి చూడండి సార్" అంది. నాకు విసుగనిపించిన మాట నిజం. లేచి వెళ్ళాను.

కుర్రాడు తల ఎత్తలేకపోయాడు. మెడ వేలాడుతోంది. ఊపిరి పైపైన, వేగంగా తీస్తున్నాడు. ఇంకో గంట ఆలస్యమైతే అదీ ఆగేది.

దీన్ని వైద్యంలో ఇంటర్మీడియట్ సిండ్రోమ్ అంటారు. మందు తాగిన మొదటి గండం గడిచాక, 24 నుంచి 96 గంటల లోపల, మెడ కండరాలు, ఊపిరి కండరాలు చచ్చుబడతాయి. 1987లో శ్రీలంక వైద్యులు సేనానాయకే, కరల్లియద్ద పదిమంది రోగుల్లో ఇది చూసి ప్రపంచానికి చెప్పారు. అంటే అంతకుముందు చదువు ముగించిన డాక్టరు పుస్తకంలో గాని, నర్సు పుస్తకంలో గాని ఈ పేరు లేదు. దీనికి ఎట్రోపిన్ పనిచెయ్యదు. ఊపిరి మనం ఆడించాలి, అంతే. గొట్టం వేశాం. ఆ ఆస్పత్రిలో వెంటిలేటరు లేదు. 108 బండ్లు వచ్చింది 2005లో. అప్పటికి మాకున్నది ఒక పాత జీపు. గుంటూరు దాకా దారి పొడుగునా ఆ సిస్టరు మోకాళ్ళ మీద కూర్చుని ఆంబూ సంచి నొక్కుతూనే వుంది. పెద్దాసుపత్రిలో కొన్నాళ్ళు మిషను మీద వుండి కుర్రాడు నడిచి ఇంటికి వెళ్ళాడు.

తర్వాత అడిగాను, "మెడ సంగతి నీకెలా తెలిసిందమ్మా?" అని. "పోస్ట్ బేసిక్‌లో మా మేడం చెప్పారు సార్. ఈ కేసుల్లో డ్యూటీ మారినప్పుడల్లా తల ఎత్తించి చూడమన్నారు" అంది. మీవారికి నా జవాబు ఇదే. ఈ వారం పత్రిక ఆయనకు ఇవ్వండి.

అనుభవానికి విలువ లేదని మాత్రం నేననను. నాకు పసిపిల్లల నరం దొరకబుచ్చుకోవడం నేర్పింది డిగ్రీ మొహం చూడని ఒక పెద్ద సిస్టరు. కాని అనుభవం అనేది నిన్నటిదాకా చూసినదాన్నే నేర్పుతుంది. చూడనిదాన్ని చదువే చెప్పాలి. (మరొక మాట. మీ ఇంట్లోగాని, పక్కింట్లోగాని బతుకు మీద విరక్తి మాటలు మాట్లాడేవాళ్ళుంటే పురుగుమందు డబ్బా తాళం వేసి పెట్టండి. టెలి మానస్ 14416కు ఫోను చేయించండి. రూపాయి ఖర్చు లేదు.)

నా ఒక్కడి అనుభవం చాలదనుకునేవారికి లెక్కలు కూడా వున్నాయి. లిండా ఐకెన్ అనే అమెరికా నర్సు-శాస్త్రజ్ఞురాలు తన బృందంతో పెన్సిల్వేనియా రాష్ట్రంలో 168 ఆస్పత్రుల్లో ఆపరేషను రోగుల లెక్కలు తీసి 2003లో ప్రచురించారు. 2014లో లాన్సెట్ పత్రికలో యూరపు లెక్కలు వచ్చాయి. తొమ్మిది దేశాలు, 300 ఆస్పత్రులు, 4,22,730 మంది ఆపరేషను రోగులు. ఆస్పత్రి నర్సుల్లో డిగ్రీ చదివినవాళ్ళు నూటికి పదిమంది పెరిగితే, చేరిన 30 రోజుల్లోపు రోగి చనిపోయే అవకాశం 7 శాతం తగ్గినట్టు కనబడింది. దాంతోపాటే ఇంకో సంగతి. ఒక్కో నర్సు మీద ఒక్క రోగి భారం అదనంగా పడితే ఆ అవకాశం 7 శాతం పెరిగింది. అంటే చదువూ కావాలి, చేతులూ కావాలి. పట్టా వున్న ఒక్క సిస్టరుకు నలభై మంచాలు అప్పగించి ఫలితం చూపించమంటే ఎలా? బోధనాసుపత్రిలో ముగ్గురు రోగులకొక నర్సు, మామూలు ఆస్పత్రిలో అయిదుగురికొకరు వుండాలని ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ ప్రమాణం. మీ వార్డులో రాత్రిపూట ఎంతమందికి ఎందరో మీకే బాగా తెలుసు. నేను ప్రభుత్వ నౌకరీలో వున్నవాణ్ణి, ఇంతకంటే చెప్పను. యూరపు లెక్కలు మన నేలకు అంకె అంకె అలాగే అతుకుతాయని కూడా అనను. దారి ఎటుందో మాత్రం తెలుస్తుంది.

మన గుంటూరు సీమకు నర్సు చదువు కొత్తదేమీ కాదు. 1883లో అమెరికా నుంచి వచ్చిన డాక్టర్ అన్నా కుగ్లర్ ఇక్కడే 47 ఏళ్ళు వైద్యం చేసి, 1930లో కన్నుమూశారు. ఆమె స్థాపించిన ఆస్పత్రి ఆమె పేరుతోనే నిలిచింది. ఆ రోజుల్లో పరాయి మగవాడి ఎదుట చెయ్యి చాపని మన ఆడవాళ్ళను చూసుకున్నది అటువంటి ఆస్పత్రుల్లో తయారైన నర్సులే. వాళ్ళ చేతుల మీద పుట్టిన వాళ్ళ మనవలు ఇప్పుడు "నర్సుకు డిగ్రీ ఎందుకు" అంటున్నారు. 1946 సంవత్సరం చూడండి. గుంటూరు వైద్య కళాశాల పుట్టింది ఆ ఏడే. మన దేశంలో నర్సింగులో బి.ఎస్సీ. మొదలైనదీ ఆ ఏడే, ఢిల్లీలోను, వేలూరులోను. డాక్టరుకు డిగ్రీ ఎందుకని అప్పటినుంచి ఇప్పటిదాకా ఒక్కరూ అడగలేదు.

ఇక మీ ప్రశ్న. ఏం చదవాలి, ఎలా చదవాలి?

పోస్ట్ బేసిక్ బి.ఎస్సీ. నర్సింగ్ రెండేళ్ళ కోర్సు. ఇంటర్ పాసై, జనరల్ నర్సింగ్ పూర్తి చేసి, రాష్ట్ర నర్సింగ్ కౌన్సిల్లో నర్సుగా, మిడ్‌వైఫ్‌గా రిజిస్టరైన వారికి అర్హత. మన రాష్ట్రంలో దీనికి అనుబంధం ఇచ్చేదీ, పరీక్షలు జరిపేదీ విజయవాడలోని డాక్టర్ ఎన్.టి.ఆర్. ఆరోగ్య విజ్ఞాన విశ్వవిద్యాలయం. ఏడాదికొకసారి ప్రకటన వస్తుంది. వయసు, ఫీజు సంగతులు ఆ ఏటి ప్రకటన చూసుకునే నమ్మండి, నా మాట గాని, మీ తోటివారి మాట గాని వద్దు. ఇది పూర్తికాలపు చదువు. పగలు తరగతులు, వార్డుల్లో ప్రాక్టికల్సు.

ఉద్యోగం మానకుండా చదివేవారి కోసమని ఇందిరాగాంధీ సార్వత్రిక విశ్వవిద్యాలయం 1994లో ఇదే డిగ్రీని మూడేళ్ళ కోర్సుగా పెట్టింది. ఇంటర్, జనరల్ నర్సింగ్ వున్నవాళ్ళకు రెండేళ్ళ అనుభవం, టెన్త్‌తో జనరల్ నర్సింగ్ చేసిన పాతకాలం వాళ్ళకు అయిదేళ్ళ అనుభవం అడిగేవారు. ప్రవేశపరీక్ష వుంటుంది. పోస్టులో పుస్తకాలు వచ్చినంత మాత్రాన వార్డు తప్పుతుందనుకోకండి, వాళ్ళు నిర్ణయించిన ఆస్పత్రిలో ప్రాక్టికల్సు చెయ్యాల్సిందే. మీరు చేరదలచిన ఏడు ప్రకటన వచ్చిందో లేదో, మీకు దగ్గర్లో అధ్యయన కేంద్రం వుందో లేదో ముందు చూసుకోండి.

డిగ్రీ వస్తే జీతం పెరుగుతుందా అని మీరు అడగలేదు, కాని మీవారు అడుగుతారు. ఇప్పుడున్న నర్సింగ్ హోములో వెంటనే పెరుగుతుందని నేను మాట ఇవ్వలేను. చాలాచోట్ల యజమాని "అదే పనిగా" అంటాడు. తలుపులు వేరేచోట తెరుచుకుంటాయి. నర్సింగ్ స్కూళ్ళలో ట్యూటరు పని వుంది. అనుభవంతో కలిపి చూస్తే రెండేళ్ళ ఎం.ఎస్సీ.కి అర్హత వస్తుంది. 2018 నుంచి ఉపకేంద్రాలను బలపరిచే పథకం కింద మన రాష్ట్రంలో పల్లె క్లినిక్కుల్లో మిడ్ లెవెల్ హెల్త్ ప్రొవైడర్లుగా బి.ఎస్సీ. నర్సింగ్ వారిని పెట్టారు. బి.పి., సుగరు చూసి మందులిచ్చేదీ, ఎవర్ని పెద్దాసుపత్రికి పంపాలో తేల్చేదీ ఆ ఊళ్ళో వాళ్ళే. ఇక కేంద్రప్రభుత్వపు ఎయిమ్స్ సంస్థల నర్సింగ్ ఆఫీసరు పరీక్షకు డిగ్రీ లేకపోయినా, 50 పడకల ఆస్పత్రిలో రెండేళ్ళ అనుభవం వున్న జనరల్ నర్సులు కూడా కూర్చోవచ్చు. మంగళగిరి ఎయిమ్స్ మీకు ఎంత దూరం? డిగ్రీ ఒక్కటే మార్గమని నేను మిమ్మల్ని భ్రమపెట్టను.

ఇప్పుడు అత్తగారి ప్రశ్న. నిజానికి ఈ ఉత్తరంలో నన్ను కలవరపెట్టింది ఇదే. ఆవిడకు నా నమస్కారాలు చెప్పండి. ఆవిడ అన్నదాంట్లో సగం నిజం.

పిక్కల పీకుడు, మెట్లెక్కితే ఆయాసం, నీరసం. 34 ఏళ్ళ మనిషికి ఇవి డ్యూటీ వల్లనే అని కొట్టిపారెయ్యకూడదు. మన రాష్ట్రంలో ఆడవాళ్ళలో సగంమందికి పైగా రక్తహీనత వుంది. నర్సులు దానికి మినహాయింపు కారు. రోజూ వందమందికి రక్తపరీక్ష గొట్టాలు నింపే సిస్టరు తన రక్తం చూపించుకుని ఎన్నేళ్ళయిందో అడగండి. రేపే హిమోగ్లోబిన్, థైరాయిడ్ పరీక్షలు చేయించండి. హిమోగ్లోబిన్ 12 కంటే తక్కువుంటే రక్తహీనత, 8 లోపల వుంటే తీవ్రం, అప్పుడు మీ డాక్టరు దగ్గర కూర్చుని కారణం వెదకాలి. నెలసరి రక్తం ఎక్కువగా పోతోందా, నులిపురుగులున్నాయా, బి-12 తగ్గిందా అని. ఇనుము మాత్ర టీ, కాఫీలతో వేసుకోవద్దు. వాటికీ మాత్రకూ గంటన్నా ఎడం వుంచండి. నిమ్మరసం, ఉసిరి మేలు. గోంగూర మంచిదే, మన గుంటూరు వాళ్ళకు నేను కాదంటే ఊరుకుంటారా? కాని 8 వున్న రక్తాన్ని గోంగూర పచ్చడి ఒక్కటే 12కు తేలేదు.

పిక్కల్లో నరాలు ఉబ్బి మెలికలు తిరిగి కనిపిస్తున్నాయా చూసుకోండి. గంటల తరబడి నిలబడేవాళ్ళకు వస్తాయి. డ్యూటీ దిగాక పావుగంట కాళ్ళు దిండ్ల మీద, గుండె కంటే ఎత్తున పెట్టుకుని పడుకోండి. నిలబడి వున్నప్పుడే మడమలు పైకెత్తి దించుతూ వుండండి. బిగుతు మేజోళ్ళు డాక్టరు కొలత చెప్పాకే కొనండి. ఒక్క కాలే వాచి, వేడెక్కి, నొప్పి పెడితే మాత్రం ఆలస్యం పనికిరాదు, నరంలో రక్తం గడ్డకట్టి వుండవచ్చు. ఆ పూటే చూపించుకోవాలి.

నైట్ డ్యూటీ నిద్ర గురించి. తెల్లవారుజామున రెండు దాటాక టీ మానండి. ఇంటికి వచ్చేటప్పుడు ఎండ కళ్ళలో పడకుండా గొడుగో, నల్లకళ్ళద్దాలో వాడండి, ఎండ తగిలితే మెదడు తెల్లారిందనుకుంటుంది. రెండు ఇడ్లీలు తిని, కిటికీకి దుప్పటి కట్టి చీకటి చేసుకుని పడుకోండి. మధ్యాహ్నం రెండుదాకా పాలవాడు, గ్యాసువాడు, చుట్టాలు ఎవరొచ్చినా లేపకూడదు. ఇది అత్తగారి చేతిలో పని. ఆవిడ మీ పక్షాన వున్నారు కాబట్టి కష్టం కాదు. స్కూటీ మీద ఇంటికి వచ్చేవాళ్ళు కునుకు వస్తుంటే ఆస్పత్రిలోనే ఇరవై నిమిషాలు పడుకుని బయల్దేరండి. నైట్ డ్యూటీ దిగిన ఉదయం పుస్తకం ముట్టుకోవద్దు. నిద్ర లేచాక, సాయంత్రం పూట గంట చదివితే అది నిలుస్తుంది.

ఇక మీ తోటి సిస్టర్లు చెప్పిన సలహా, పగలు కాలేజీ, రాత్రి డ్యూటీ. ఆ పని మాత్రం చెయ్యకండి. చేసేవాళ్ళున్నారని నాకు తెలుసు. ఇంటి అద్దె, పిల్లల ఫీజు, వాళ్ళ ఇబ్బందీ తెలుసు. 1997లో నేచర్ పత్రికలో వచ్చిన ఒక ఆస్ట్రేలియా పరిశోధనలో, 17 గంటలు నిద్రలేకుండా వున్న మనిషి చేతిపని చురుకుదనం, రక్తంలో 0.05 శాతం సారా వున్నవాడి స్థాయికి పడిపోయింది. మీరు పగలంతా క్లాసులో కూర్చుని రాత్రి రెండింటికి ఇన్సులిన్ లోడు చేసేటప్పటికి అంతకంటే ఎక్కువ గంటలే అవుతాయి. తాగి వచ్చిన నర్సు చేత మన పిల్లలకు సూది వేయిస్తామా? చదువు రోగి మేలు కోసమే అయినప్పుడు, ఆ చదువు పేరుతోనే రోగికి ముప్పు తేవడం ఏం న్యాయం?

అందుచేత నా సలహా ఇది. చదవండి. ఈ ఏడు మాత్రం వద్దు. ముందు రక్తం సరిచేసుకోవడానికి మూడు నాలుగు నెలలు పడుతుంది. ఆ లోపల మీవారూ మీరూ ఒక కాగితం తీసుకుని కూర్చోండి. రెండేళ్ళ ఫీజు ఒకవైపు, రెండేళ్ళు రాకుండా పోయే మీ జీతం ఒకవైపు రాయండి. అదే అసలు ఖర్చు, చాలామంది ఫీజు ఒక్కటే చూస్తారు. ఆస్పత్రి యజమానిని అడిగి, చదివి వస్తే తిరిగి తీసుకుంటానని రాతపూర్వకంగా తీసుకోండి. ఆదివారం డ్యూటీలు మాత్రమే ఇస్తారేమో అడగండి. రోజూ బస్సులో గంట కంటే దూరం వుండే కాలేజీ వద్దు. ఈ లెక్క తేలకపోతే ఉద్యోగంలో వుంటూ చేసే మూడేళ్ళ దారి చూడండి. అప్పుడు వారానికి ఎన్ని నైట్ డ్యూటీలో ముందే మాట్లాడుకోండి. పిల్లల్ని పొద్దున్నే తయారుచేసి, క్యారేజీలు సర్ది బడికి పంపడం మీవారి వంతు. పత్తి మిల్లులో సీజను ముగిశాక ఆయనకు తీరిక దొరుకుతుందని నా ఊహ. కాదంటే ఆయన్నే నాకు ఉత్తరం రాయమనండి.

అద్దంకి వైపు నుంచి ఏ.ఎన్.ఎం. చేసిన ఒక అమ్మాయి రాసింది. ఎవరో మనిషి ఊళ్ళోకి వచ్చి, డబ్బు కడితే వేరే రాష్ట్రంలో "డైరెక్టు బి.ఎస్సీ. నర్సింగ్" ఇప్పిస్తానంటున్నాడట. హాజరు అక్కర్లేదట, పరీక్షలకు వెళ్తే చాలట. సగం డబ్బు అడ్వాన్సుగా అడుగుతున్నాడట. తండ్రి మిరపకాయలు అమ్మిన డబ్బు ఇంట్లో వుంది, కట్టమంటారా అని.

కట్టొద్దు తల్లీ. ఏ.ఎన్.ఎం. మీద పోస్ట్ బేసిక్ డిగ్రీకి నేరుగా దారి లేదు. ఇంటర్ పాసై, ఏ.ఎన్.ఎం.గా రిజిస్టరై వుంటే మూడేళ్ళ జనరల్ నర్సింగులో చేరవచ్చు, దాని తర్వాత డిగ్రీ. ఇంటర్ సైన్సుతో చదివి వుంటే నాలుగేళ్ళ బి.ఎస్సీ. నర్సింగుకే ప్రయత్నించు. హాజరు అక్కర్లేదన్న మాట విన్న వెంటనే ఆ మనిషికి మంచినీళ్ళిచ్చి పంపించెయ్యాలి. రోగి ఒంటి మీద చెయ్యి వెయ్యకుండా నర్సు ఎలా అవుతుంది? అలా తెచ్చిన పట్టాతో మన రాష్ట్ర కౌన్సిల్లో రిజిస్ట్రేషను దొరక్కపోతే అది గోడకు తగిలించుకోవడానికే పనికొస్తుంది. ఏ కాలేజీ అయినా సరే, డబ్బు కట్టకముందు మూడు చూడు. ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ జాబితాలో పేరుందా, ఏ విశ్వవిద్యాలయానికి అనుబంధం, విద్యార్థులు ప్రాక్టికల్సుకు వెళ్ళే ఆస్పత్రి ఏది? ఆ ఆస్పత్రికి నువ్వే ఒకరోజు వెళ్ళి, అక్కడ యూనిఫారంలో వున్న పిల్లల్ని అడుగు. 2023లో నర్సింగ్, మిడ్‌వైఫరీ కమిషన్ చట్టం పార్లమెంటులో పాసైంది, పాత 1947 కౌన్సిల్ చట్టం స్థానంలో వచ్చేది అదే. కాబట్టి గుర్తింపు ఇచ్చే సంస్థ పేరు ముందు ముందు మారినా కంగారు పడకు. చూడవలసినవి మారవు. మిరపకాయల డబ్బు బ్యాంకులో వెయ్యమని నాన్నగారికి చెప్పు.

నరసరావుపేట అమ్మాయికి మళ్ళీ ఒక్క మాట. రక్తపరీక్ష అయ్యాక హిమోగ్లోబిన్ ఎంత వచ్చిందో రాయండి. వారానికి ఎన్ని నైట్ డ్యూటీలు, నెలసరి ఎన్ని రోజులు అన్నది కూడా రాయడం మరవకండి. అది తెలియకుండా మందు సంగతి చెప్పలేను.